అరగని వేలికే అన్నం

ప్రపంచంలో ఆకలి ఇంకా ఎందుకు మిగిలి ఉన్నదో కనిపెట్టిన మహాయంత్రం మా ఇంటి ఎదురుగానే ఉంది. చూడడానికి ఇటుకంత ఉంటుంది. దానికి ఒక నల్ల వైరు, వైరు చివర వేలు పెట్టే చిన్న గాజు కిటికీ. దేవరకొండలో సభ చేసి దానికి శాలువా కప్పాలని నేను ప్రతిపాదిస్తున్నాను.

నవ్వకండి! నేను గణాంక శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషిని. ఆ శాఖలో ఎవరూ నవ్వరు. ఎవరినీ నవ్వించరు.

మా పని ఏమిటో తెలియనివారి కోసం రెండు ముక్కలు. రైతు పొలంలో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు ఉన్న చదరం గీస్తాం. అందులో పంట కోసి, నూర్చి, తూస్తాం. ఆ తూకం నుంచి మండలం దిగుబడి, మండలం నుంచి జిల్లా, జిల్లా నుంచి రాష్ట్రం, అలా దేశాలు దాటి ప్రపంచ దిగుబడి దాకా లెక్క పోతుంది. అంటే భూగోళం మీద పండిన పంట ఇంత అని ఎక్కడో ఒక పెద్దమనిషి మైకు ముందు చదివినప్పుడు, అందులో మా దేవరకొండ గింజలు కూడా నాలుగు ఉంటాయన్నమాట! వాటిని కోసింది నేను కాదు లెండి. నేను గొడుగు కింద నిలబడి రాసుకున్నాను.

ఈ అర్హతతోనే మా రిటైర్డ్ ఉద్యోగుల సంఘం వార్షిక సదస్సు కోసం ఒక వ్యాసం తలపెట్టాను. పేరు ‘ప్రపంచ పంటల దిగుబడి, ఆహార అభద్రతకు కారణాలు’. మొత్తం పదకొండు కారణాలు తేల్చాను. యుద్ధాలు, అనావృష్టి, అతివృష్టి, గోదాముల్లో ఎలుకలు, ఓడరేవుల్లో ఆలస్యాలు, ఇలా సాగుతుంది. పండేదేమో లోకమంతటికీ సరిపోయేటంత పండుతోంది. తినేవాడి కంచంలోకి మాత్రం రావడం లేదు. మధ్యలో ఏమవుతున్నదన్నదే ప్రశ్న.

పదింటిని పుస్తకాలు చూసి రాశాను. ఏడో కారణం మాత్రం మా వరండాలో కూర్చుని కళ్లారా చూసి రాసింది. అది సోమరితనం. ఆధారం లేకుండా కారణం రాయకూడదన్నది మా శాఖ నియమం కాబట్టి, ఆధారం కింద జంగయ్య పేరు ఉదహరించాను.

జంగయ్య ఎవరంటారా? మా వెనక వాడలో ఉండే పుల్లమ్మ భర్త. పుల్లమ్మ నాట్లకు పోతుంది, కలుపుకు పోతుంది, పత్తి ఏరడానికి పోతుంది. జంగయ్య ఎటూ పోడు. బడిగోడ నీడ ఎటు జరిగితే అటు జరుగుతాడు. సూర్యుడి గమనాన్ని అంత శ్రద్ధగా అనుసరించినవాడు మా తాలూకాలో మరొకడు లేడు.

ఇప్పుడు మిషన్ దగ్గరికి వద్దాం.

మా ఇంటి ఎదురుగా ఉన్నది రేషన్ దుకాణం. మావాళ్లు కంట్రోల్ దుకాణమంటారు. ఒకటో తారీఖు నుంచి పదిహేను దాకా బియ్యం పోస్తారు. కార్డులో పేరున్నవాళ్లలో ఎవరో ఒకరు వచ్చి గాజు మీద వేలు పెట్టాలి. పచ్చ లైటు వెలిగితే బియ్యం, ఎర్ర లైటు వెలిగితే వెనక్కి. పదిహేను దాటితే ఆ నెల బియ్యం గంగలో కలిసినట్టే. ఇప్పుడు సన్నబియ్యం ఇస్తున్నారు కనుక క్యూ కూడా కాస్త పొడుగైంది. డీలరు భిక్షపతి మంచివాడు. తూకంలో వేలు పెట్టడు. గాజు మీద మాత్రం అందరి చేతా పెట్టిస్తాడు.

పుల్లమ్మ కార్డులో పేర్లు మూడు. ఆమె, జంగయ్య, మంచం దిగలేని అత్త. నెలకు పద్దెనిమిది కిలోలు. తొలిసారి ఆమె మిషన్ ముందు నిలబడిన రోజు నేను వరండాలోనే ఉన్నాను.

“అక్కా, ఏలు పడ్తలేదే. తలకు రాసి పెట్టు,” అన్నాడు భిక్షపతి.

రాసి పెట్టింది. ఎర్ర లైటు.

“కొంగుకు తుడ్వు.”

తుడిచింది. ఎర్ర లైటు.

“గా చెయ్యి పెట్టు. చూపుడేలు. నడిమేలు. చిటికెనేలు…”

పది వేళ్లూ అయిపోయాయి.

“కాలేళ్లు గూడ పెట్టమంటవా తమ్మీ?” అన్నది పుల్లమ్మ.

క్యూ అంతా నవ్వింది. భిక్షపతి ఆమె అరచేతిని వెలుతురుకు తిప్పి చూశాడు. “అబ్బా, నున్నగైనయి గదనే! ఒక్క గీత లేదు. ఏం పని జేస్తివే గిట్ల అరిగినయి?”

“నువ్వు తూకమేస్తున్న బియ్యం పనే జేసిన. నాటేసేటప్పుడు మడి అడగకపాయె తమ్మీ, నీ ఏలికి గీతలున్నయా పుల్లమ్మా అని!”

కంటిపాప చూసే మిషన్ కూడా ఒకటి ఉంది. అది ఆమె ఆపరేషన్ అయిన కంటిని కన్నుగా ఒప్పుకోలేదు. ఫోనుకు నంబరు పంపుతారట. ఆ ఫోను జంగయ్య ఈతవనంలో పోగొట్టుకుని ఏడాదైంది. అత్త వేళ్లంటారా? అవి కోడలి వేళ్ల కంటే ఇరవై ఏళ్లు ముందే అరిగిపోయాయి.

చివరికి జంగయ్యను పిలిపించారు. బడిగోడ నీడ నుంచి లేచి, ఒళ్లు విరుచుకుని, తాపీగా వచ్చి, బొటనవేలు అలా ఆనించాడు. పచ్చ లైటు!

పాఠకులారా, ఆ క్షణంలో నాకు జ్ఞానోదయమైంది. ఎవరు పని చేస్తున్నారు, ఎవరు చేయడం లేదు అని తెలుసుకోవడానికి మా శాఖ ఎన్ని సర్వేలు చేసిందని! ఎన్ని ఫారాలు, ఎన్ని జీపులు, ఎన్ని టీలు! ఈ ఇటుక ఒక్క సెకనులో తేల్చేసింది. ఎర్ర లైటు అంటే కష్టజీవి. పచ్చ లైటు అంటే పెద్దమనిషి. ఇంత కచ్చితమైన గణాంకం నా సర్వీసులో నేనెన్నడూ చూడలేదు.

దీని ఉపయోగాలు ఒకటా రెండా? నాట్లకు మంచి ముఠా కావాలా? ఊరంతా తిరగనక్కర లేదు. ఎర్ర లైటు జాబితా తీసుకుంటే చాలు. వాళ్లంత చురుకైన చేతులు మీకు దొరకవు. సంబంధం చూస్తున్నారా? అబ్బాయి ఏం పని చేస్తాడని అడగడం పాత పద్ధతి. ‘పిల్లగాని ఏలు పడ్తదా?’ అని అడగండి. పడితే ఆ ఇంట్లో పొయ్యికి ఢోకా లేదు. మా వీధిలో ఇద్దరు ముగ్గురు తెలివిగల ఇల్లాళ్లు ఇప్పటికే ఇంటికొకరిని ‘ఏలు మనిషి’గా వదిలేశారు. ఆంబోతును అచ్చువేసి వదిలినట్టు! అతడు గడ్డపార పట్టరాదు, గంప ఎత్తరాదు, అంట్లు తోమరాదు. నెలకొకసారి వేలు ఆనిస్తే చాలు.

ఆకలి మీద సదస్సులు జరిగే హాళ్ల గుమ్మం దగ్గర కూడా ఈ మిషన్ పెట్టాలని నా సూచన. నాకు తెలిసి ఒక్క ఎర్ర లైటూ వెలగదు. ప్రసంగాలకు ఆటంకం ఉండదు.

అసలు లోతుగా ఆలోచించండి. పండించినవాళ్లే తినడం మొదలుపెడితే ఏమవుతుంది? నేరుగా మడి నుంచి కంచానికే అయితే గోదాములెందుకు, లారీలెందుకు, లెక్కలెందుకు, నాబోటి అధికారులెందుకు? వ్యవస్థ మొత్తం కూలిపోదూ!

ఈ మిషన్ పుణ్యమా అని జంగయ్య దశ తిరిగింది. నిన్నటి దాకా ‘తిండిదండుగ మనిషి’ అన్న నోళ్లే ‘ఏలున్న మనిషి’ అనసాగాయి. నెల మొదట్లో ఒక సీసా కల్లు, ఒక కోడిగుడ్డు పొరుటు ముందు పెడితే గాని దుకాణం వైపు కదిలేవాడు కాదు. పుల్లమ్మ గొణిగితే బొటనవేలు పైకెత్తి చూపించేవాడు.

“గీ ఏలు లేకుంటే నీ పొయ్యిల పిల్లి లేస్తదా? ఇంటికి ఎవడు పెద్ద, నువ్వా నేనా?”

ఈ అహంకారాన్ని నేను సహించలేకపోయాను. తప్పు నాది కాదు. మా చదువు అలాంటిది. గత అక్టోబరు చివర ఒక సాయంత్రం అతణ్ని వరండాలోకి పిలిచి, శ్రమ గౌరవం మీద గంటన్నర మాట్లాడాను. నడుమ రెండు ఇంగ్లిషు సూక్తులు కూడా చెప్పాను. నా వ్యాసంలో ఏడో కారణం తీసి, అతని పేరున్న వాక్యం చదివి వినిపించాను. ప్రపంచ ఆహార అభద్రతకు తాను కారణమని విన్న జంగయ్య ముఖం చూడవలసిందే!

“నిజమా సారూ? గీ లోకం ఆకలికి నేనా?”

“నీవంటివారు.”

“మరి గీ సంగతి ఇన్నొద్దుల్నుంచి నాకెవ్వలు చెప్పలేదేంది?”

మర్నాడు బడిగోడ నీడ ఒంటరిగా జరిగింది. జంగయ్య వడ్ల కొనుగోలు కేంద్రంలో హమాలీ పనికి చేరాడు. గోనె సంచులు నింపడం, దబ్బనంతో మూతులు కుట్టడం, లారీకెత్తడం. పది రోజులు! కల్లు మానాడు. నడకలో వంగుడు పోయింది. దారిలో కనబడితే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నా ఉపన్యాసం మీద నాకే గౌరవం కలిగింది. ఏడో కారణం పక్కన ‘నివారించదగినది’ అని రాసుకున్నాను.

నవంబరు తొమ్మిదిన జంగయ్య దుకాణానికి వచ్చాడు. కల్లు అడగకుండా, గుడ్డు అడగకుండా, పనికి పోతూ పోతూ వచ్చాడు. గాజు మీద వేలు ఆనించాడు.

ఎర్ర లైటు.

తలకు రాశాడు. ఎర్ర లైటు. కొంగు లేదు కనుక తువ్వాలకు తుడిచాడు. ఎర్ర లైటు. భిక్షపతి అతని వేలు పట్టుకుని చూసి నోరు తెరిచాడు. గోనెపట్టా ఒరుసుకుని తోలు లేచిపోయింది. దబ్బనం పోట్లు నాలుగు. వడ్ల నూగు పట్టి మిగతాదంతా గరుకు.

“ఏం జేసినవే జంగన్నా? బంగారమసుంటి ఏలు!” అన్నాడు భిక్షపతి. “ఎవడన్న చెడగొట్టుకుంటడా? నాలుగు నెలలు వరుసగ తీసుకోకుంటే పేరే ఎగిరిపోతదంటున్నరు.”

ఆ మధ్యాహ్నం మా గేటు దగ్గర పుల్లమ్మ గొంతు వినిపించింది.

“సారూ! ఓ సారూ! ఉన్నరా ఇంట్ల?”

బయటికి వచ్చాను.

“మా ఆయనకు ఏం జెప్పిండ్రు మీరు?”

“కష్టపడి పనిచేయమన్నాను, పుల్లమ్మా.”

“ఇంట్ల కష్టం జేసెటందుకు నేను లేనా? ఒక్క ఏలు దాచిపెట్టుకున్నం సారూ. మూడు పానాలకు ఒక్క ఏలు. దానిగ్గూడ పని జెప్పిండ్రా? మీ నీతులు మీరే వండుకొని తినుండ్రి!”

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో కలెక్టర్లు కూడా నన్ను అంత క్లుప్తంగా మందలించలేదు.

మా ఆవిడ అమృతమ్మ లోపలి నుంచి చేట నిండా బియ్యం తెచ్చింది. “పుల్లమ్మా, ఇవి తీస్కపో. ఈ నెలకు ఎల్లదీసుకుందురు.”

“మీ బియ్యం వద్దమ్మా. మీరు పెట్టలేరని గాదు. నా బియ్యం నాకు గావాలె.” అని వెళ్లిపోయింది.

అమృతమ్మ చేటతోనే నా వైపు తిరిగింది. “నలభై ఏండ్ల నుంచి నాకు చెప్తనే ఉన్నరు గదా. నేను విన్ననా? విని ఆ జంగయ్య ఏం బాగుపడ్డడో చూడుండ్రి.”

పదిహేనో తారీఖుకు ఆరు రోజులున్నాయి. నేను బాధ్యత తెలిసిన మనిషిని. ఆ సాయంత్రమే జంగయ్యను పిలిపించి, మా వరండాలో నా పడక కుర్చీ ఇచ్చాను. రోజుకు మూడుసార్లు కొబ్బరినూనె. రెండుసార్లు మీగడ. కర్ర ముట్టరాదు, తాడు ముట్టరాదు. ఒకనాడు గాలికి పేపరు జారిపడితే తీయబోయాడు. “ముట్టుకోవద్దు!” అని నేను వేసిన కేకకు వీధిలో కుక్క లేచింది. పేపరు నేనే తీసి, పేజీలు నేనే తిప్పి, అంతర్జాతీయ వార్తలు చదివి వినిపించాను. మజ్జిగ గ్లాసు నోటి దగ్గర నేనే పట్టాను. ఏ ఏడో కారణాన్ని లోకం నుంచి నిర్మూలించాలని రాశానో, ఆ ఏడో కారణానికి నా చేతులతో నేనే మజ్జిగ పోసి పెంచాను.

మూడో రోజుకు జంగయ్య దిగులు పడ్డాడు.

“సారూ, లారీకి సంచి ఎత్తుతుంటే పానం మంచిగుండె. గిట్ల కూసుంటే పిచ్చి లేస్తాంది.”

“నిన్నమొన్నటి దాకా కూర్చునేగా ఉన్నావు?”

“గప్పుడు పని ఎట్లుంటదో ఎరుక లేదు గదా! మీరే చెడగొట్టిండ్రు.”

రోజూ పొద్దుగూకే వేళ పుల్లమ్మ పత్తి చేను నుంచి వస్తూ గేటు దగ్గర ఆగేది. జంగయ్య వేలును చంటిపిల్లను చూసినట్టు చూసేది. “గీతలొస్తున్నయా సారూ?” అని అడిగేది. నేను భూతద్దం పెట్టి చూసి, వస్తున్నాయనేవాణ్ని. అదే భూతద్దంతో ఒకసారి ఆమె వేలు చూపించమన్నాను. చూపించింది. పత్తికాయ మొనలు గీరిన గాట్లు తప్ప నాకేమీ కనిపించలేదు.

“వెనకట మీరు తాడు వట్టి మడి కొలుస్తుంటిరి గదా, గప్పుడు గా చదరంల వరి గోసినోళ్లల్ల నేనూ ఉంటి,” అన్నది ఆమె. “మీకు యాదికుండదు. మీరు బుక్కులకు చూసుకుంట రాస్తుంటిరి.”

నాకు నిజంగానే గుర్తు లేదు. తూకాలు మాత్రం గుర్తున్నాయి.

పదిహేనో తారీఖు సాయంత్రం నాలుగు గంటలకు జంగయ్యను దుకాణానికి నడిపించుకుపోయాం. ముందు భిక్షపతి, మధ్యలో వేలు, వెనక నేను, ఆ వెనక పుల్లమ్మ. మొదటిసారి ఎర్ర లైటు. రెండోసారి ఎర్ర లైటు. పుల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడోసారి భిక్షపతి గాజును తన అంగీతో తుడిచి, జంగయ్య వేలిని తానే పట్టి, మెల్లగా ఆనించాడు.

పచ్చ లైటు!

క్యూ చప్పట్లు కొట్టింది. నాకూ కళ్లు చెమర్చాయి, దాచుకోవడమెందుకు? శ్రమ ఓడింది, విశ్రాంతి గెలిచింది, మూడు ప్రాణాలకు నెల గడిచింది. మిషన్‌కు శాలువా కప్పాలన్న ఆలోచన నాకు అక్కడే వచ్చింది.

పద్దెనిమిది కిలోలు తూచి సంచిలో పోశారు. పుల్లమ్మ చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంది. పొద్దంతా పత్తి ఏరి వచ్చిన మనిషి. “జర చెయ్యి పట్టు,” అన్నది మొగుడితో.

జంగయ్య ఉత్సాహంగా వంగాడు.

“ఏయ్, ఏలు!” అని అరిచాడు భిక్షపతి. “వచ్చే నెల వద్దా?”

జంగయ్య రెండు చేతులూ పైకెత్తి, పోలీసుల ముందు నిలబడ్డట్టు నిలబడిపోయాడు.

పుల్లమ్మ నా వైపు చూసింది.

ఇక్కడ ఒక విషయం మనవి చేయాలి. మాబోటి పెన్షనర్లు ఏడాదికోసారి బతికే ఉన్నామని రుజువు చేసుకోవాలి. అదీ వేలిముద్రతోనే. నా వంతు ఆ మర్నాడు. సంచి అంచు గరుకుగా ఉంది. ఆరు రోజులుగా వేలి శాస్త్రం బోధించినవాణ్ని నేను. నా చూపు అప్రయత్నంగా నా బొటనవేలి మీదికి పోయింది. ఒక్క క్షణమే. కానీ పుల్లమ్మ చూడనే చూసింది.

“ఉండనియ్యుండ్రి సారూ,” అన్నది. “ఇద్దరు ఏళ్లు మంచిగ కాపాడుకోండ్రి.”

సంచిని మోకాలి మీదికి లాక్కుంది. అక్కడి నుంచి నడుము మీదికి. ఒక్క ఊపుతో నెత్తికి. మంచి వేళ్లున్న మగవాళ్లం ఇద్దరం అక్కడే నిలబడి ఆమె మలుపు తిరిగేదాకా చూశాం.

మర్నాడు మీసేవ కేంద్రంలో వర్షిత అనే అమ్మాయి నా వేలు గాజు మీద పెట్టించింది. మొదటిసారికే పచ్చ లైటు! నేను బతికే ఉన్నాను.

“సార్, మీ ఏలు చిన్నపిల్లల ఏలు లెక్కున్నది,” అని ఆశ్చర్యపోయింది ఆ అమ్మాయి. “ఒక్క గీత చెదరలే. ఏం రాస్తరు సార్?”

“వ్యాసాలు,” అన్నాను.

సదస్సు ప్రతి నిన్న పూర్తి చేశాను. ఏడో కారణాన్ని కొట్టివేయలేదు. సోమరితనం ఆహార అభద్రతకు కారణమన్న మాట మీద నేనింకా నిలబడే ఉన్నాను. అయితే ఆధారం లేకుండా కారణం రాయకూడదు కదా! జంగయ్య పేరు తీసేసి, ఆ జాగాలో నా కుడిచేతి బొటనవేలి ముద్ర వేశాను.

చాలా స్పష్టంగా పడింది.